పెద్దపీట కోళ్లు

రాష్ట్ర గోనెసంచుల అభివృద్ధి సంస్థ వారి ఏలూరు ప్రాంతీయ కార్యాలయంలో మెట్లు ఎక్కగలిగిన వాళ్లందరూ కింద కూర్చుంటారు. ఎక్కలేని మల్లేశ్వరి పైన కూర్చుంటుంది.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. బిల్లుల సెక్షన్ మేడ మీద ఉంది, మల్లేశ్వరి బిల్లుల సెక్షన్‌లో ఉంది, కనుక మల్లేశ్వరి మేడ మీద ఉంది. చిన్నప్పుడే పోలియో వచ్చి ఆవిడ ఎడమకాలు సన్నబడిపోయింది. ఆ కాలికి ఇనుప పట్టీల బూటు, కుడి చేతిలో ఊతకర్ర. రోజూ పొద్దున ఒక్కో మెట్టునీ తిట్టుకుంటూ ఎక్కుతుంది, సాయంత్రం ఒక్కో మెట్టునీ తిట్టుకుంటూ దిగుతుంది. కాలికి ఉన్న లోపం నోటికి లేదు.

మెట్ల సంగతి ఎలాగో సరిపెట్టుకునేదే. అసలు బాధ నీళ్లతో వచ్చింది. ఆడవాళ్ల బాత్‌రూమ్ కింద, వరండా చివర ఉంది. మధ్యాహ్నం ఒకసారి దిగి మళ్లీ ఎక్కాలంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకని ఇంటి దగ్గర పొద్దున తాగిన గ్లాసుడు నీళ్లతో సాయంత్రం దాకా నెట్టుకొచ్చేది. వడగాడ్పుల్లోనూ అంతే. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆసుపత్రిలో చేరడం కూడా అయింది. "నీళ్లు తాగకపోతే కిడ్నీలు పోతాయమ్మా" అని డాక్టరమ్మ కేకలేసింది. "తాగితే ఉద్యోగం పోయేలా ఉందండీ" అంది మల్లేశ్వరి.

బాత్‌రూమ్ పక్కనే ఉత్తరపు గది అని ఒకటుంది. చెడిపోయిన కూలర్లు, పాత బ్యానర్లు, రిటైరైన మేనేజర్ల మెడలో పడి వాడిపోయిన దండల తాలూకు జరీ పోగులు అందులో కాపురం ఉంటాయి. తన బల్ల ఆ గదిలో వేయించమని మల్లేశ్వరి ఏటా ఒక అర్జీ పెట్టుకునేది. "కాళ్లు సహకరించనందున, మెట్లు ఎక్కిదిగుట ప్రమాదకరమైనందున, కింది అంతస్తునందలి ఉత్తరపు గదిని కేటాయించి ఆదుకొనవలసిందిగా ప్రార్థన." ఏటా అదే అర్జీ, ఏటా అదే జవాబు. "సంస్థ తన ఉద్యోగులందరినీ సమానముగా చూచును. ఒకరికి ప్రత్యేకముగా గది కేటాయించినచో సమానత్వమునకు భంగము కలుగును."

అలా సమానత్వానికి భంగం కలగకుండా మల్లేశ్వరి మెట్లెక్కుతూ వచ్చింది. అందరితో సమానంగా అని కూడా అనడానికి లేదు, తక్కినవాళ్లు కిందే ఉంటారు కదా.

ఒక సోమవారం పొద్దున హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చి సమానత్వం రద్దయిపోయింది.

ప్రాంతీయ మేనేజరు కోదండపాణి గారు సర్క్యులర్‌ని చదివే ముందు కళ్లకద్దుకునే మనిషి. వెంటనే తన గదిలో మీటింగు పెట్టించారు. మల్లేశ్వరి మెట్లు దిగి వచ్చేసరికి టీలు అయిపోయాయి, కుర్చీలు కూడా అయిపోయాయి. గోడకి ఆనుకుని నిలబడింది. కోదండపాణి గారు గొంతు సవరించుకుని చదివారు.

"ఇంతకాలము సంస్థయందు అందరినీ సమానముగా చూచితిమి. అది పొరపాటని ఇందుమూలముగా తెలియజేయడమైనది. సమానత్వము వేరు, సమన్యాయము వేరు. అవసరము గల ఉద్యోగులను గుర్తించి, వారికి పెద్దపీట వేయవలెను. అమలుపరచిన వైనమును ఫొటోలతో సహా పక్షము రోజులలో పంపవలెను. జాప్యము తీవ్రముగా పరిగణింపబడును."

సర్క్యులర్ వెనక ఒక బొమ్మ ఉంది. ఒక గోడ, గోడకి ఇవతల ఒక పొడుగాయన, ఒక మధ్యరకం ఆయన, ఒక పొట్టాయన. అవతల క్రికెట్టు ఆట. పొట్టాయనకి ఎక్కువ పెట్టెలు, మధ్యరకం ఆయనకి తక్కువ పెట్టెలు వేస్తే అందరికీ ఆట కనిపిస్తోంది. బొమ్మని అందరూ చేతులు మార్చుకుంటూ చూశారు. అసలు ఆ గోడ ఎందుకక్కడ అని ఒక్కరూ అడగలేదు.

మల్లేశ్వరికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. తను ఇన్నేళ్లూ గొంతు చించుకుని చెప్పిన మాటే ఇవాళ హెడ్డాఫీసు ముద్ర వేసుకుని వచ్చింది! గోడని వదిలి ఒక అడుగు ముందుకేసింది.

"అయితే సార్, ఆ ఉత్తరపు గది సంగతి..."

"గది అని ఇందులో ఎక్కడుందమ్మా?" కోదండపాణి గారు కాగితం ఆవిడ వైపు తిప్పారు. "చూపించండి. గది ఇవ్వమనలేదు. కుర్చీ ఇవ్వమనలేదు. పెద్దపీట వేయవలెను అన్నారు. మనం వేయాలి."

"పెద్దపీట వేయడమంటే ముందుగా పట్టించుకోమని కదండీ. మాటవరసకి అంటారు."

"మాటవరసకి అన్నదాన్ని ఫొటో ఎలా తీస్తారమ్మా?"

ఫొటోలతో సహా పంపమని నిజంగానే ఉంది. సూపరింటెండెంటు వీర్రాజు, ఆరడుగుల పైచిలుకు మనిషి, తన ఎత్తుకి తగినంత గంభీరంగా తలాడించాడు. "సార్ చెప్పిందాంట్లో పాయింటుందండీ. పీట లేకుండా ఫొటో ఎట్టాగండీ?"

మల్లేశ్వరికి ఒళ్లు మండింది. మండినప్పుడు ఆవిడ నోరు ఆవిడ మాట వినదు. "అంతే లెండి. పెద్దపీట అంటే పెద్ద పీటే. మంచి టేకుతో, మంచానికి ఉన్నట్టు నాలుగు కోళ్లు పెట్టించి వేయించండి మరి. ఎక్కి కూర్చుని తరిస్తాం" అంది.

వీర్రాజు దాన్ని మినిట్స్‌లో రాసుకున్నాడు. "శ్రీమతి నాగమల్లేశ్వరి గారి విలువైన సూచన మేరకు: టేకు. కోళ్లు నాలుగు."

పీట అని తేలింది సరే, పెద్ద అంటే ఎంత పెద్ద? దీనికి పీటల పరిమాణ నిర్ణాయక సంఘం ఏర్పాటయింది. అధ్యక్షులు కోదండపాణి గారు, కార్యదర్శి వీర్రాజు. అవసరం గల ఉద్యోగుల ప్రతినిధిగా మల్లేశ్వరిని వేశారు. సంఘం పనులన్నీ కిందే జరిగేవి కనుక ప్రతినిధి రోజూ ఒకసారి ఎక్కువ దిగి ఒకసారి ఎక్కువ ఎక్కేది.

వీర్రాజు ఇంట్లో అన్నానికి కూర్చునే పీట తెచ్చాడు. చిన్నదన్నారు. క్యాషియరు వాళ్ల మేనకోడలి పెళ్లిపీట తెప్పించారు. అది ఇద్దరు కూర్చునేది, ఆఫీసులో ఒక్కొక్కరికి ఒక్కో జీతమే కనుక అంత అక్కర్లేదన్నారు. రెండింటికీ మధ్యస్థంగా ఒక కొలత ఖాయం చేసి, "ఇకమీదట సంస్థ లావాదేవీలన్నిటా పెద్ద అనగా ఇదియే" అని తీర్మానించారు.

ఆ తర్వాత ఎవరికెన్ని పీటలన్నది వచ్చింది. బొమ్మ ప్రకారం పొట్టాయనకి ఎక్కువ. అంటే వెనుకబాటు పెరిగే కొద్దీ పీట మీద పీట వేయాలి. "ఒక్కో వెనుకబాటుకి ఒక్కో పీట. ఇందులో మనకి ఊహాగానాలు అక్కర్లేదు, శాస్త్రీయంగా పోదాం" అన్నారు కోదండపాణి గారు.

మర్నాటి నుంచి ఆఫీసులో వెనుకబాటు ప్రబలిపోయింది. అప్పటిదాకా తలెత్తుకు తిరిగిన వాళ్లందరూ తాము ఎంత నష్టపోయారో ఏకరువు పెట్టడం మొదలుపెట్టారు. క్యాషియరు తను ఇంట్లో నడిమివాడినని, పెద్దాడి చొక్కాలు తొడుక్కుని, చిన్నోడికి బొమ్మలు వదులుకుని పెరిగానని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. ఒక పీట మంజూరైంది. వీర్రాజు తన పొడుగునే వెనుకబాటుగా చూపించాడు.

"బస్సులో కాళ్లు పట్టవండీ. గుమ్మాలన్నీ నుదుటికే తగుల్తాయండీ. పెళ్లిచూపుల్లో అమ్మాయి తలెత్తి చూడలేక మెడ పట్టేసిందండీ. ఆ సంబంధం పోయిందండీ" అన్నాడు.

"బొమ్మలో పొడుగాయనకి పెట్టె లేదు కదండీ?" అంది ప్రతినిధి.

"ఆయన పోయిన సంబంధాల సంగతి బొమ్మలో వేయలేదమ్మా" అన్నారు అధ్యక్షులు. వీర్రాజుకీ పీట వచ్చింది. అన్నీ విన్న మీదట అధ్యక్షులు తమ బాధ కూడా వెళ్లబోసుకున్నారు. అధికారి కావడం వల్ల తనతో ఎవరూ మనసు విప్పి మాట్లాడరని, టిఫిను డబ్బా ఒంటరిగా తెరుచుకుంటానని చెప్పారు. ఆయనకి రెండు పీటలు వేయాలని వీర్రాజు ప్రతిపాదించాడు. ఆయన వద్దంటూనే సంతకం పెట్టారు.

మల్లేశ్వరి విషయానికి వచ్చేసరికి అందరూ మెత్తబడిపోయారు. ఆడమనిషి, ఒకటి. దివ్యాంగురాలు, రెండు. పల్లెటూళ్లో తెలుగు మీడియంలో చదివింది, మూడు. ఇన్నాళ్లూ అర్జీలు తిరస్కరింపబడ్డాయి, నాలుగు. ఈ నాలుగోది కోదండపాణి గారే గుర్తు పెట్టుకుని వేయించారు. తిరస్కరించింది కూడా ఆయనే కనుక ఆయనకి బాగా గుర్తుంది. ఆఫీసు మొత్తం మీద ఎత్తైన దొంతర ఆవిడదే.

"నాకు ఒక మెట్టే ఎక్కడం గగనమండీ. నాలుగు పీటలు ఒకదాని మీద ఒకటేస్తే నేనెలా ఎక్కుతానండీ?"

"ఎక్కడం మీ వ్యక్తిగత విషయం అమ్మా. వేయడం వరకే సంస్థ బాధ్యత" అన్నారు కోదండపాణి గారు. ఆ రోజు తీర్మానంలో ఇంకో మాట కూడా చేర్పించారు. "ఫొటోలు తీసిన నాటి నుండి లబ్ధిదారులు తమ పీట ఉన్నచోటనే విధులు నిర్వర్తించవలెను. పీట ఒకచోట, మనిషి ఒకచోట ఉన్నచో అది సమన్యాయమును ధిక్కరించుటయే అగును."

అటెండరు యేసుపాదం తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. ఆయనకి కుర్చీ లేదు, వరండాలో ఒక స్టూలు ఉంది. "మరి మాకేవైనా ఉందాండీ?" అని నసిగాడు.

"నువ్వు ఔట్‌సోర్సింగ్ కదయ్యా. నీ వెనుకబాటు ఏజెన్సీ వాళ్లది. పీట వాళ్లే వేయాలి" అన్నాడు వీర్రాజు. పోతూ పోతూ, కోళ్లు ఎలా బిగించాలో వడ్రంగికి చూపించడానికి శాంపిల్ కావాలని ఆయన స్టూలు కూడా పట్టుకుపోయాడు.

చేయించిన పీటలు పెట్టడానికి చోటు కావాల్సి వచ్చింది. ఒకరోజు పొద్దున మల్లేశ్వరి వచ్చేసరికి ఉత్తరపు గది తలుపులు బార్లా తీసి ఉన్నాయి. కూలర్లు బయటపడ్డాయి, బ్యానర్లు బయటపడ్డాయి, జరీ పోగులు ఊడ్చేశారు. గోడలకి సున్నం వేస్తున్నారు. ఏళ్ల తరబడి ఖాళీ కాని గది టిఫిను వేళ లోపల ఖాళీ అయిపోయింది. "పీటలకి తేమ తగలకూడదండీ, ఈ గదైతే గాలొస్తుందండీ" అని వీర్రాజు సంబరంగా చెప్పాడు.

మల్లేశ్వరి మొదటి మెట్టు మీదే నిలబడిపోయింది. కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపు వచ్చింది. కర్రతో ఎవరినైనా ఒక్కటి వేద్దామనిపించింది గానీ, కర్ర ఎత్తితే తను పడిపోతుంది. తిట్టుకోవడం కూడా మరిచిపోయి మెట్లెక్కింది.

పీటలకి పాలిష్ పట్టి వరండాలో ఆరబెట్టారు. బాత్‌రూమ్ తలుపుకి అడ్డంగా "తడి పాలిష్, దాటరాదు" అని అట్టముక్క కట్టారు. ఆ మధ్యాహ్నం ఇక ఆగలేక మల్లేశ్వరి కిందకి దిగింది. వరండా చివరి దాకా వెళ్లి ఆ పీటల ముందు నిలబడింది. దాటడానికి కాలు లేవదు, తిరిగి ఎక్కడానికి వ్యవధి లేదు. ఆ వయసులో, ఆ ఉద్యోగంలో, ఆడమనిషి బాత్‌రూమ్ కోసం పీటల్ని బతిమాలుతున్నట్టు నిలబడాల్సి వచ్చినందుకు ఆవిడకి చచ్చిపోదామనిపించింది. యేసుపాదం చూశాడు. ఏమీ అడక్కుండా పీటలు పక్కకి జరిపి దారి చేసి, అటు తిరిగి నిలబడ్డాడు.

సాయంత్రం యేసుపాదానికి మెమో వచ్చింది. తడి పాలిష్ మీద వేలిముద్రలు పడ్డాయట.

బిల్లు మల్లేశ్వరి సెక్షన్ ద్వారానే హెడ్డాఫీసుకి వెళ్లింది. "టేకు పీటలు, కోళ్లతో సహా" అని అందులో ఉంది. తిరుగు టపాలో ఆడిట్ వారి అభ్యంతరం వచ్చింది. "పీటలతోపాటు కోళ్లను కొనుటకు ఎవరి అనుమతి గలదు? సదరు కోళ్లు ప్రస్తుతము ఎచట నున్నవి? వాటి మేత ఖర్చు ఏ పద్దు కింద చూపబడుచున్నది? గుడ్లు ఎవరికి చెందుచున్నవి?"

కోదండపాణి గారు ఈసారి కళ్లకద్దుకోకుండానే చదివారు. జవాబు రాయమని మల్లేశ్వరిని పిలిపించారు. ఆవిడ నవ్వాపుకుంటూ రాసింది. "కోళ్లు పీటలకు అడుగున బిగింపబడినవి. మేత మేయవు. గుడ్లు పెట్టవు. నిలబడియే యుండును." అక్కడివాళ్లకి ఇది ఎంతవరకు బోధపడిందో తెలీదు గానీ, సమాధానం మాత్రం గట్టిగానే వచ్చింది. "వివరణ ఆమోదింపబడినది. అయినను, సదరు కోళ్ల క్షేమమునకు ప్రాంతీయ మేనేజరు వ్యక్తిగత బాధ్యత వహించవలెను. ఒక్క కోడుకు హాని కలిగినను వారి పదోన్నతిపై ప్రభావము పడును."

ఆ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి కోదండపాణి గారు రోజూ ఆఫీసుకి రాగానే ముందు ఉత్తరపు గదిలోకి వెళ్లి, వంగి, పీటల కోళ్లు తడిమి చూసుకునేవారు. మల్లేశ్వరి మెట్ల దగ్గర ఎదురైతే పలకరించడం కూడా మరిచిపోయేవారు.

సమన్యాయ విభాగం డైరెక్టరు అనుపమ గారు స్వయంగా వచ్చి చూస్తారని కబురొచ్చింది. సభ మేడ మీద హాల్లో. కింద హాలు లేదు. కనుక పీటలన్నిటినీ ఉత్తరపు గదిలోంచి మేడ మీదికి మోయించారు. యేసుపాదం, ఇద్దరు కూలీలు వగర్చుకుంటూ ఎక్కించారు. వాళ్ల వెనకే కోదండపాణి గారు "కోళ్లు జాగ్రత్త, కోళ్లు జాగ్రత్త" అంటూ ఎక్కారు. ఆయన వెనక మల్లేశ్వరి కర్ర ఊనుకుంటూ ఎక్కింది. ఆవిడ జాగ్రత్త ఆవిడే చూసుకుంది.

అనుపమ గారు చేనేత చీరలో వచ్చారు. చేతిలో బొమ్మ ఉన్న పుస్తకం. "మనం ప్రతి ఒక్కరినీ వాళ్లు ఉన్న చోటికి వెళ్లి కలుసుకోవాలి" అని మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడారు. మైకు పక్కన మంచినీళ్ల సీసాలు వరసగా పెట్టారు. మల్లేశ్వరి వాటి వైపు చూడలేదు.

ఫొటోల వేళ అయింది. క్యాషియరు తన పీట ఎక్కాడు. వీర్రాజు తన పీట ఎక్కితే తల ఫ్యాను దగ్గరికి పోయింది, ఫ్యాను ఆపించారు. కోదండపాణి గారు తమ రెండు పీటల మీద ఒంటరిగా నిలబడ్డారు. ఇక మిగిలింది నాలుగు పీటల దొంతర. దాని మీద "శ్రీమతి నాగమల్లేశ్వరి, ముఖ్య లబ్ధిదారు" అని బంగారు రంగు అక్షరాలు.

"రండమ్మా, ఎక్కండి" అన్నారు అనుపమ గారు ఆప్యాయంగా.

"ఎక్కలేనండీ."

"మీ మీద మీకు నమ్మకం ఉండాలి."

"నమ్మకం ఉందండీ. కాలు లేదు."

ఫొటోగ్రాఫరు గడియారం చూసుకున్నాడు. కోదండపాణి గారు కంగారుపడి పీటల మీంచే వీర్రాజుకి సైగ చేశారు. మల్లేశ్వరి మెడలో పొద్దున వేసిన లబ్ధిదారు బ్యాడ్జీ తీసి వీర్రాజు మెడలో వేశారు. అతను తన పీట దిగి ఆవిడ దొంతర ఎక్కి, తల పైకప్పుకి తగలకుండా మెడ వంచి, దండం పెట్టాడు. ఫొటో వచ్చింది. కింద ఒక మూల ఊతకర్రతో నిలబడ్డ ఆవిడ ఎవరో ఫ్రేములోకి వస్తోందని కొంచెం పక్కకి జరగమన్నారు.

"ఇప్పుడెలా అనిపిస్తోందమ్మా?" అని అనుపమ గారు మల్లేశ్వరి భుజం మీద చెయ్యి వేసి అడిగారు.

"బాత్‌రూమ్ పక్కన ఒక గదుందండీ. అందులో నా బల్ల వేయిస్తే చాలండీ. నాకు పీటలొద్దు."

అనుపమ గారు జాలిగా చూశారు. "మీరింకా గదుల స్థాయిలోనే ఆలోచిస్తున్నారు. ఇన్నేళ్ల వివక్ష మిమ్మల్ని అలా చేసింది. మెల్లగా పీటల స్థాయికి ఎదగాలి."

సరిగ్గా అప్పుడే అనుపమ గారి చూపు దొంతరలో అడుగు పీట మీద పడింది. మెట్లెక్కించేటప్పుడు గోడకి తగిలి ఒక కోడు పగిలింది. ఆవిడ గబగబా వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని ఆ పగులు మీద వేలు పెట్టి చూశారు. లేచేసరికి కళ్లు ఎర్రబడ్డాయి.

"వీటిని మెట్లెక్కించిందెవరు? కింద ఉండాల్సిన వాటిని రోజూ ఇలా ఎక్కించి దించితే వీటి కోళ్లు ఏమైపోతాయి? నొప్పి తెలియని మనుషులా మీరు?"

కోదండపాణి గారు రెండు పీటల మీద నుంచి ఒక్కసారిగా కిందికి దూకారు. "తప్పయిపోయింది మేడమ్, తప్పయిపోయింది" అని చేతులు జోడించారు.

మల్లేశ్వరి ఆ మాటలు విని కొయ్యబారిపోయింది. తను ఏళ్ల తరబడి వినాలనుకున్న మాట అదే. మెట్లు ఎక్కిదిగితే కష్టమని, కింద ఉండాల్సిన వాళ్లు కింద ఉండాలని, ఒక పెద్ద అధికారి అంత మంది ముందు బాధపడుతూ చెప్పారు. ఆ దయ తనకి ఒక అడుగు దూరంలో, టేకు చెక్క మీద కురిసింది.

డైరెక్టరు గారి కారు వెళ్లిపోయాక మల్లేశ్వరి తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. సొరుగులోంచి పాత అర్జీ తీసింది. కొత్తగా ఒక్క ముక్క కూడా ఆలోచించే ఓపిక లేదు. అదే అర్జీని తెల్ల కాగితం మీదికి ఎక్కిస్తూ, మొదటి మాట దగ్గర ఆగింది. "కాళ్లు" అన్నచోట దీర్ఘం తీసేసి ఓత్వం పెట్టింది.

"కోళ్లు సహకరించనందున, మెట్లు ఎక్కిదిగుట ప్రమాదకరమైనందున, కింది అంతస్తునందలి ఉత్తరపు గదిని కేటాయించి ఆదుకొనవలసిందిగా ప్రార్థన. లబ్ధిదారు పీట ఉన్నచోటనే విధులు నిర్వర్తించవలెనన్న తీర్మానమును కూడ దృష్టిలో ఉంచుకొనగలరు."

యేసుపాదం చేత కిందికి పంపింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియలేదు. కోదండపాణి గారు రెండో పంక్తి దాకా కూడా చదవలేదని యేసుపాదం వచ్చి చెప్పాడు. "కోళ్లు అని చూడగానే సంతకం పెట్టేశారండీ. అర్జంటు అని ఎర్రసిరాతో రాశారండీ."

టీ వచ్చే లోపల మల్లేశ్వరి బల్ల మెట్లు దిగింది. ఆ వెనక నాలుగు పీటలూ దిగాయి. వాటి వెనక మల్లేశ్వరి దిగింది, ఒక్కో మెట్టునీ ఆఖరిసారి పేరు పెట్టి తిట్టుకుంటూ. గుమ్మం మీద వీర్రాజు బోర్డు కొట్టించాడు. "పీటల విశ్రాంతి గది. లబ్ధిదారు సంరక్షణలో." మల్లేశ్వరి ఆ బోర్డు చదివి పళ్లు కొరుక్కుంది. ఇన్నాళ్లకి దక్కిన గదిలో తను మనిషిగా లేదు, చెక్కకి కాపలాగా ఉంది.

తర్వాత యేసుపాదాన్ని పిలిచి ఒక బిందెడు నీళ్లు, గ్లాసు తెప్పించింది. గ్లాసు నింపి, ఆగకుండా, గొంతు చప్పుడయ్యేలా తాగింది. యేసుపాదం గుమ్మంలో నిలబడే చూస్తున్నాడు.

"నిలబడ్డావేంటి? కూర్చో."

"ఎక్కడండీ? నా స్టూలు శాంపిల్‌కని పట్టుకెళ్లారు కదండీ. మరి రాలేదండీ."

మల్లేశ్వరి దొంతరలో పై పీటని కర్రతో చూపించింది. "అదిగో, నాకేసిన పెద్దపీట. దించుకుని కూర్చో."

"అమ్మో, ఎవరైనా చూస్తేనండీ? మళ్లీ వేలిముద్రలంటారండీ."

"కోళ్లు గట్టిగా ఉన్నాయో లేదో చూస్తున్నానని చెప్పు. ప్రమోషన్ ఇస్తారు."

యేసుపాదం పీట దించి, తువ్వాలుతో తుడిచి, ముందు సగం మాత్రమే ఆనేలా కూర్చున్నాడు. కాసేపటికి పూర్తిగా కూర్చున్నాడు. మల్లేశ్వరి ఆఫీసులో, పట్టపగలు, రెండో గ్లాసు నింపుకుంది.